దరియావలి ఆరుసార్లు తొంగిచూసిన స్కోరు

అల్లూరు జమాల్‌బీ పేరు మీరు వినలేదంటే మీరు జన్మలో రొయ్య తిని ఉండరు. తిన్నా, అది ఎక్కడ పెరిగిందో అడిగి ఉండరు. మా చుట్టుపక్కల రొయ్యల గుంటలన్నిటికీ చెక్ ట్రేలు కుట్టేది ఆమే. చెక్ ట్రే అంటే బ్రహ్మవిద్యేం కాదు, ఇనప రింగుకి సన్న వల బిగించిన పళ్లెం. గుంటలో మేత చల్లేటప్పుడు ఇందులోనూ పిడికెడు వేసి నీళ్లలోకి దించుతారు. గంటన్నర పోయాక పైకెత్తి రొయ్య తిన్నదా, అలిగిందా చూస్తారు. కుట్టు వదులైతే మేత జారిపోతుంది. రొయ్య తినేసిందనుకుని రైతు ఇంకో బస్తా పోస్తాడు, ఆ తర్వాత రైతే మునుగుతాడు. జమాల్‌బీ కుట్టిన ట్రేలో ఇనుము తుప్పుపట్టి రాలిపోయినా కుట్టు మాత్రం గుండ్రంగా గాల్లో నిలబడి ఉంటుందని చెప్తారు. చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆమెకి యాభై ఆరేళ్లు. పిల్లలు లేరు. మొగుడు కృష్ణపట్నం పోర్టు నించి బొగ్గు లారీ తోలేవాడు. పదిహేనేళ్ల కింద ఒకరోజు లారీతో సహా మాయమైపోయాడు. లారీ మూడో రోజున దొరికింది. ఆయన మూడో నెలలో సూళ్లూరుపేటలో ఇంకో సంసారంతో సహా దొరికాడు. జమాల్‌బీ అక్కడికి బయల్దేరిందని తెలిసి, జుట్లు పట్టుకుంటారేమో చూద్దామని మాలో నలుగురం అదే బస్సెక్కాం. ఆమె నేరుగా ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, "నా కుట్టుమిషన్ ఎత్తుకొచ్చినావంట, ఇయ్యి" అంది. మిషన్ నెత్తిన పెట్టుకుని తిరుగు బస్సెక్కింది. మొగుడి మొహం వంక సరిగ్గా చూడను కూడా లేదు. మా బస్సు చార్జీలు దండగైపోయాయి.

ఆ మిషన్ మీద అప్పటికింకా ఎనిమిది కిస్తులున్నాయి. కొన్నది మొగుడు, కట్టింది ఈమె. ఆ తర్వాత పొదుపు సంఘం అప్పు, గాజులు పెట్టి తెచ్చిన అప్పు, పెద్ద మిషన్ అప్పు, ఏదైనా సరే ఐదో తారీఖు కట్టాల్సింది నాలుగో తారీఖు పొద్దున్నే కట్టేస్తుంది. వసూలుకొచ్చే మనిషికి ఈమె ఇల్లెక్కడో తెలియదు, రావాల్సిన పని పడితే కదా. రెండో తరగతితో బడి మానేసింది. అంకెలు వచ్చు, తెలుగులో సంతకం వచ్చు. మిగతా అక్షరాలతో ఆమెకి పరిచయం లేదు, పగా లేదు.

ఇసకపల్లి రోడ్డులో పదడుగులకి పన్నెండడుగుల గది ఆమె కొట్టు. పంతొమ్మిదేళ్లుగా అద్దెకుంటోంది. గది యజమాని కామాక్షయ్యకి మూడు రొయ్యల గుంటలు, ఒక మోకాలి నొప్పి ఉన్నాయి. పోయిన జూన్‌లో ఆయన కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో స్టూలు మీద కూలబడ్డాడు.

"జమాల్‌బీ, గది అమ్మేస్తా ఉండా. ఆరు లక్షలు."

"పొద్దున్నే నోటెమ్మట ఆ మాటేంది అన్నా."

"పంతొమ్మిదేళ్లుగా ఉండావని ముందు నీ చెవిన ఏస్తా ఉండా. దీపావళి దాకా టైమిస్తా. ఆ రోజు దాటితే ఎవురు ముందొస్తే వాళ్లకే."

ఆ 'ఎవురు' ఎవరో జమాల్‌బీకి తెలుసు. గోడకి అవతల పక్క మేత కొట్టు దరియావలి. వాడి కొట్టులో బస్తాలు పెట్టుకోవడానికి చోటు లేక సగం రోడ్డు మీదే ఉంటాయి. ఈ గది కోసం వాడు పదేళ్ల నించి గుటకలేస్తున్నాడు. గది పోతే జమాల్‌బీకి మిషన్ పెట్టుకునే చోటు లేదు. ఇల్లంటారా, అది మంచం వేస్తే మనిషి బయట నిలబడాల్సిన ఇల్లు. పైగా గుంటలకి పోయే ప్రతి రైతూ ఆ రోడ్డునే పోవాలి. ఆ గుమ్మం పోతే గిరాకీ పోతుంది. కాబట్టి దాచుకున్న రెండు లక్షలు లెక్కపెట్టుకుని, మిగతా నాలుగు లక్షలకి బ్యాంకుకి పోదామని నిర్ణయించుకుంది. కానీ అవసరమైన కాయితాలన్నీ పోగయ్యేసరికి సెప్టెంబరు వచ్చేసింది.

బ్యాంకు మేనేజరు కొత్తగా వచ్చిన కుర్ర మనిషి. కంప్యూటర్‌లోకి చూసి పెదవి విరిచాడు.

"అమ్మా, మీరు రెండు నెలల్లో ఆరుసార్లు లోన్‌కి అప్లై చేశారు."

"నేనా సార్? ఇదే మొదలు."

"ఇక్కడ ఉంది కదమ్మా. పినాకినీతేజ ఫైనాన్స్. ఆరుసార్లూ బండి లోనే."

"ఏం బండి సార్?"

"టూవీలర్."

"నాకు సైకిలు గూడా రాదు సార్. ఆరు బండ్లు నేనేం చేసుకునేది, దండ గుచ్చి మెడలో ఏసుకునేదా?"

మేనేజరు నవ్వలేదు. ఇన్నిసార్లు చెయ్యి చాపేవాళ్లకి లోన్ ఇస్తే పైవాళ్లు తన్నుతారని మర్యాదగా చెప్పాడు. అప్పులు సక్రమంగా కడతామా లేదా చెప్పే క్రెడిట్ స్కోరు కూడా ఈమధ్యే పడిపోయి 741కి వచ్చిందన్నాడు. జమాల్‌బీ అక్కడే నిలబడింది. వెనక లైను బస్టాండు దాకా పెరిగింది. చివరికి మేనేజరే, "ఎవరు చూశారో మీ రిపోర్టులో తేదీలతో సహా ఉంటుంది. తీయించుకుని చూడండి. మీరు కాదంటే కంప్లెయింటు పెట్టండి. అది తుడిచేస్తే మళ్లీ రండి" అన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఈ స్కోరు గొడవ మాకందరికీ నెలన్నర ముందే తెలుసు. తెలియనిది జమాల్‌బీ ఒక్కదానికే. ఊరంటే అంతే, ఎవరి గురించి మాట్లాడుకుంటామో వాళ్లకే ఆఖర్న తెలుస్తుంది.

జరిగిందేమిటంటే, దరియావలి మేత కొట్టుతోపాటు ఆ పినాకినీతేజ కంపెనీకి బండి అప్పులు ఇప్పించే ఏజెన్సీ కూడా తీసుకున్నాడు. కంపెనీ వాడికి ఒక ట్యాబు ఇచ్చింది. అందులో ఎవరి పాన్ నంబరు కొట్టినా వాళ్ల అప్పుల జాతకమంతా తెర మీదికొస్తుంది. ముందు ఆ మనిషి ఫోనుకి నంబరొస్తే అది కొట్టాలి గానీ, 'ఫోను అందుబాటులో లేదు' అని నొక్కి, సంతకం ఉన్న కాయితం ఫోటో పెడితే ఆ ట్యాబు మొహమాటపడి తలుపు తీసేస్తుంది. జూలైలో ఒకరోజు, ఈమెకి బ్యాంకు అప్పిస్తుందా లేదా చూద్దామని వాడు జమాల్‌బీ నంబరు కొట్టాడు.

స్కోరు వచ్చింది. 786.

మా వైపు ముస్లింలకి ఆ అంకె విలువేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. బిస్మిల్లాకి గుర్తుగా కళ్లకద్దుకుంటారు. దరియావలి అయితే ఆ అంకె ఉన్న పది రూపాయల నోట్లు ప్లాస్టిక్ కవర్లలో దాచేవాడు. స్కూటర్‌కి ఆ నంబరు కావాలని నెల్లూరు రవాణా ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగి, 768 చేతిలో పెడితే మూడు రోజులు అన్నం మానేసినవాడు. అలాంటివాడికి, పక్క గదిలో వల కుట్టుకునే ఆడమనిషి నెత్తిన ఆ అంకె వెలుగుతూ కనపడింది. తన స్కోరు 611. ఆ రాత్రి వాడికి జ్వరం వచ్చిందని వాడి భార్య ఇర్ఫానాయే నాతో చెప్పింది.

మర్నాడు టీ బంకు దగ్గర కక్కేశాడు.

"ఏడు నూట ఎనభై ఆరబ్బా. నా కళ్లతో చూసినా."

"జమాల్‌బీకా? తాగినావా ఏంది దరియావలి?"

"సాయంత్రం రా, చూపిస్తా."

సాయంత్రం చూపిద్దామని మళ్లీ తీశాడు. 779 ఉంది. టీ బంకు మొత్తం నవ్వింది. తొంగిచూసిన ప్రతిసారీ స్కోరు కాస్త తరుగుతుందని ఆ మహానుభావుడికి తెలియదు. నీళ్లలోంచి ట్రే ఎత్తి చూస్తే మేత తగ్గుతుందా, అలాగే ఇదీ అనుకున్నాడు. పోయిన అంకె తిరిగొస్తుందేమోనని వారం ఆగి తీశాడు, 770. ఇర్ఫానా కళ్లు మంచివని ఆమె చేత నొక్కించాడు, 762. శుక్రవారం నమాజు చేసుకొచ్చి తీశాడు, 753. ఆగస్టు ఆఖర్న తలకి నూనె పెట్టుకుని, కొత్త లుంగీ కట్టుకుని తీశాడు. 741. ఆ తర్వాత ఆమె స్కోరు సున్నాకి దిగి తనే హత్య కేసులో ఇరుక్కుంటానేమోనని భయపడి మానేశాడు.

జమాల్‌బీ బ్యాంకు నించి నేరుగా సుభాషిణి నెట్ సెంటర్‌కి పోయింది. సుభాషిణి ఊళ్లో అందరి ఆధార్ కార్డుల్లో పుట్టిన తేదీలు సరిచేసే పిల్ల, నిజం చెప్పాలంటే మా అందరి వయసులూ ఆమె గుప్పెట్లోనే ఉన్నాయి. అక్కరలేని జిరాక్సొకటి తీయించుకునే వంకతో నేనూ అక్కడే ఉన్నాను.

"ఏడాదికోసారి ఊరికే ఇస్తారక్కా రిపోర్టు, రూపాయి కట్టబళ్లా" అంటూ సుభాషిణి తీసింది. "ఇదిగో, ఆరు తేదీలు. నీ ఫోనుకి మెసేజీలు గూడా వచ్చుంటాయే, ఫలానా వాళ్లు నీ రిపోర్టు చూసినారని."

"ఇంగ్లీషులో వచ్చేటియన్నీ దుడ్లడిగేటియే కదమ్మే. నేను చూడను."

ఫోను తీసి చూస్తే నాలుగు వందల పన్నెండు చదవని మెసేజీల అడుగున ఆ ఆరూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అప్పుడు నాకు నోరాగక, దరియావలి మాట, 786 మాట చెప్పేశాను. నెలన్నర ఆగాను, అంతకన్నా ఆగడం మనిషి వల్ల కాదు.

జమాల్‌బీ, "అంత మంచి నంబరు నా దగ్గరుంటే నాకు చూపీకుండానే పోగొట్టినాడా" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొగుడు పోయినప్పుడు కూడా ఆ కళ్లల్లో నీళ్లు చూడలేదు నేను, చూడటానికే బస్సెక్కిన మనిషిని.

అక్కణ్ణించి లేచి దరియావలి కొట్టుకి పోయింది. వాడు మేత బస్తా మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

"దరియావలీ, నా రిపోర్టు చూసినావా?"

"నీ రిపోర్టుతో నాకేం పనక్కా."

"ఆరుసార్లు చూసినావంట."

"చూస్తే మాత్రం ఏమైపొయిందంట? చూపు తగిలి అరిగిపోద్దా?"

"అరిగిపొయింది. ఏడు నూట నలభై ఒకటైంది. బ్యాంకోళ్లు లోనియ్యమన్నారు."

వాడి మొహంలో ఒక క్షణం గది కనపడింది, అందులో బస్తాలు కూడా కనపడ్డాయి. వెంటనే జాలి తెచ్చి పెట్టుకున్నాడు.

"అయ్యో. బ్యాంకు ఇయ్యకపోతే నేనుండా కదా. మా కంపెనీలో ఇప్పిస్తా, ఇరవై నాలుగు శాతం వడ్డీకి. నేనే చూసినానని నిరూపించు చూద్దాం, కావాలంటే కంపెనీనే అడుక్కో పో."

"అడుగుతా" అంది జమాల్‌బీ.

సుభాషిణి ఆ సాయంత్రమే రెండు కాయితాలు పంపింది. ఒకటి స్కోరు లెక్కలు చూసేవాళ్లకి: ఈ ఆరు విచారణలూ నేను అడిగినవి కావు, తీసేయండి అని. రెండోది పినాకినీతేజలో ఫిర్యాదులు చూసే ఆఫీసరుకి: నా రిపోర్టు ఎవరు తీశారు, ఏ సంతకం చూపించి తీశారు, ఆ కాయితం నాకు పంపండి, ముప్పై రోజుల్లో చెప్పకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతాం అని. ఆ మాట వినగానే నేను గుమ్మం వైపు జరిగాను. అంబుడ్స్‌మన్ అంటే తుపాకీ ఉన్న మనిషేమో అనుకున్నాను. కాదట, ఫీజు లేకుండా ఫిర్యాదు వినే మనిషట. అది ఇంకా భయంకరం.

ఇరవై మూడో రోజున కంపెనీ నించి జవాబొచ్చింది. 'కస్టమరు స్వయంగా దరఖాస్తు చేసుకున్నారు, సంతకంతో కూడిన అంగీకార పత్రం జతచేస్తున్నాం' అని. సుభాషిణి మొహం వాడిపోయింది.

"అక్కా, సంతకం నీదే. నీ పాన్ జిరాక్సు మీద నువ్వే పెట్టినావు. ఎవురికిచ్చినావో ఏమో, ఊళ్లో నీ జిరాక్సు లేని చోటు ఉండాదా?"

"పెద్దది చెయ్యి" అంది జమాల్‌బీ.

సుభాషిణి తెర మీద ఫోటో పెద్దది చేసింది. జిరాక్సు కుడిచేతి మూల చిన్న ఎర్ర దారం ముడి ఉంది.

"ఇది దరియావలిది" అంది జమాల్‌బీ.

అప్పుడు గానీ మాకెవరికీ తెలియలేదు. ఏ కాయితం ఎవరికిచ్చిందో రాసుకోవడానికి ఆమెకి అక్షరాలు లేవు. అందుకని జిరాక్సు ఇచ్చే ప్రతిసారీ సూది తీసి దాని మూల ఒక ముడి వేసి ఇస్తుంది, మనిషికో రంగు. ఇంట్లో మూరెడు తెల్లగుడ్డ ఉంది. ఆ దారంతోనే దాని మీద ఇంకో ముడి, పక్కన ఆ మనిషి గుర్తు. రేషన్ డీలరుకి పచ్చ దారం, పక్కన నాలుగు బియ్యపు గింజలు కుట్టేసింది. గ్యాసు వాళ్లకి నీలం, పక్కన సిలిండరు బొమ్మ. ఎర్ర ముడి పక్కన మేత బస్తా ముక్క కత్తిరించి అతికించింది. మూడేళ్ల కింద దరియావలి, "నీ దగ్గర ట్రేలు కొంటా ఉండా కదా, ఆడిటరు పాన్ అడుగుతాండాడు" అంటే ఇచ్చిన జిరాక్సు అది. ప్రపంచంలో ఎర్ర ముడి కాయితం ఇంకోటి లేదు.

"మరి నన్నే రంగులో పెట్టినావు?" అని అడిగాను నేను, నా దగ్గరా ఒకటుండేది కాబట్టి.

"నీకు నలుపు" అంది. ఎందుకో చెప్పలేదు.

సుభాషిణికి ఉత్సాహం వచ్చి ఆరు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. ఆరూ ఒకటే ఫోటో. కింద మూల కాయితాన్ని పట్టుకున్న బొటనవేలు కూడా పడింది, పక్కవేలికి గుండ్రటి పచ్చరాయి ఉంగరం. అల్లూరులో కోడిగుడ్డంత పచ్చరాయి పెట్టుకు తిరిగేది ఒక్కడే. దరియావలి తన పెళ్లిలో కూడా అంత స్పష్టంగా ఫోటోలో పడలేదు.

తెల్లగుడ్డ ఫోటో, బొటనవేలు ఫోటో, బ్యాంకు లోన్ కాదన్న కాయితం కలిపి మళ్లీ పంపారు. నాలుగు రోజులకి నెల్లూరు నించి కంపెనీ కారొచ్చింది. టై కట్టుకున్న ఒకాయన దిగి ఆ తెల్లగుడ్డని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దరియావలి కొట్టులోకి పోయి ట్యాబు తీసుకుని సంచిలో వేసుకున్నాడు. దరియావలి ట్యాబుని కారు దాకా సాగనంపాడు. అత్తారింటికి కూతుర్ని పంపుతున్నట్టే ఉంది చూడటానికి.

ఆ ఆరు విచారణలూ తుడిచేశారని అక్టోబరు రెండో వారంలో కాయితం వచ్చింది. మేనేజరు ఈసారి కుర్చీ వేశాడు. కానీ ఆమె వయసు చూసి, గది కొలతలు చూసి, మూడు లక్షలే ఇస్తానన్నాడు. లక్ష తక్కువ. దీపావళికి నాలుగు రోజులుంది.

దరియావలి వాసన పట్టాడు. పండగ రోజు సాయంత్రం దాటితే గది తనదేనని డబ్బు సంచి తీసుకుని కామాక్షయ్య అరుగు మీదికి ముందే చేరాడు. జమాల్‌బీ కూడా బ్యాంకు కాయితం పట్టుకుని వచ్చింది. అప్పటికే వీధిలో కొందరు దీపాలు పెడుతున్నారు.

"లక్ష తక్కువుండాదన్నా. ఆరు నెలలు టైమియ్యి" అంది ఆమె.

"నేను మొత్తం తెచ్చినా" అన్నాడు దరియావలి, సంచి ముందుకి తోస్తూ. "ఈ పొద్దుతో గడువు అయిపొయింది కదన్నా."

కామాక్షయ్య మోకాలు రుద్దుకుంటూ వాడి వంక చూశాడు.

"దరియావలీ, ఒకటడుగుతా. నాది గూడా చూసినావా?"

"ఏందన్నా?"

"స్కోరు. ఆ డబ్బాలో."

దరియావలి నేల చూపులు చూశాడు. మేమందరం కూడా వాడితోపాటు నేలే చూశాం.

"ఎంతుండాది?" అన్నాడు కామాక్షయ్య.

"అది, ఐదు నూట ముప్పై, అన్నా."

"ఎవురెవురికి చెప్పినావు?"

వాడు మా వంక చూశాడు. కామాక్షయ్య కూడా మా వంక చూశాడు. నాకు ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తొచ్చింది. పాలు లేవు, అయినా గుర్తొచ్చింది. కానీ కదల్లేదు, అలాంటి చోట కదిలేంత పాపిష్టిదాన్ని కాదు.

"నీ సంచి ఎత్తుకో" అన్నాడు కామాక్షయ్య. "రేపు నా గోడ పక్కన బస్తాలేసుకుంటావు, ఎల్లుండి నా పంచె ఎగదీసి చూస్తావు. ఎత్తుకోమే సంచి." కోపంలో వాణ్ణి కూడా ఆడవాళ్లని పిలిచినట్టు 'మే' అనేశాడు. తర్వాత జమాల్‌బీ వైపు తిరిగాడు. "లక్షకి నాకు ట్రేలు కుట్టియ్యి. రెండు నూట యాభై లెక్కన నాలుగు నూర్లు. మూడు గుంటలకీ, మా తమ్ముడి గుంటలకీ కావాల."

"రింగులెవురియ్యాల?"

"నువ్వే."

"అట్టయితే మూడు నూర్లే కుడతా."

"మూడు నూట యాభై."

"మూడు నూట పది. వల నేనే నైలాన్‌ది ఏస్తా."

పండగ పూట బేరమాడితే లక్ష్మి అలుగుతుందని కామాక్షయ్య భార్య లోపల్నించి అరిచింది. మూడు నూట ఇరవై దగ్గర ఇద్దరూ ఆగారు. దరియావలి సంచి చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. దారిలో పిల్లలు కాల్చిన బాంబుకి ఉలిక్కిపడి సంచి మురిక్కాల్వలో పడేశాడని చెప్పాలని ఉంది నాకు. పడెయ్యలేదు. గట్టిగానే పట్టుకుని పోయాడు.

నవంబరు మొదట్లో రిజిస్ట్రేషన్ అయింది. మూడో రోజే వాన మొదలైంది. మా వైపు వాన ఎలా ఉంటుందంటే, సముద్రం ఒడ్డున పడి లాభం లేదనుకుని ఊళ్లోకే వచ్చి పడుతుంది. జమాల్‌బీ నూట నలభయ్యో ట్రే కుడుతుంటే గది కప్పులోంచి సరిగ్గా మిషన్ మీద చుక్క పడింది. తర్వాత ఇంకో చుక్క. పంతొమ్మిదేళ్ల అలవాటు కదా, గుమ్మంలోకి వచ్చి రోడ్డున పోతున్న కామాక్షయ్యని పిలిచింది.

"అన్నా, కప్పు కారతా ఉండాది. ఎప్పుడు బాగు చేయిస్తావు?"

కామాక్షయ్య గొడుగు కింద ఆగాడు.

"నీ గది, నీ కప్పు. నన్నడుగుతావేంది?"

జమాల్‌బీ లోపలికి పోయి, మిషన్ని చుక్క పడని పక్కకి జరిపి, ఆ చోట ఒక బకెట్ పెట్టింది. స్టూలు మీద కూర్చుని కప్పులో తన సొంత చిల్లి వంక చూస్తూ ఉండిపోయింది. చాలాసేపు చూసింది. కుట్టుపని ఆగిపోయిందని కామాక్షయ్య రోడ్డు మీంచి అరుస్తున్నా వినిపించుకోలేదు.